వెండి తంతువు ఎక్కడ మొలవాలి?

కంప్యూటరుకు లెక్క చెయ్యడం తేలిక. ఆ లెక్కకు కావలసిన అంకెను మెమరీ నుంచి తెచ్చుకోవడమే బరువు. 45 నానోమీటర్ల చిప్‌లో రెండు 32 బిట్ల అంకెలను కూడడానికి ఒక పికోజౌల్ శక్తి కూడా పట్టదనీ, అంతే సైజు అంకెను బయటి డీర్యామ్ నుంచి తేవాలంటే వందల పికోజౌళ్లు అవుతాయనీ స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ హొరోవిట్జ్ 2014లో లెక్కగట్టి చూపారు. కృత్రిమ మేధ వచ్చాక ఈ రవాణా ఖర్చే అసలు ఖర్చయి కూర్చుంది. 2022లో గ్రేటర్ నోయిడాలో తెరిచిన యోటా డేటా సెంటర్ లాంటి చోట్ల కరెంటు బిల్లు వెనక, కూలింగ్ ఏర్పాట్ల వెనక ఈ సంగతి కూడా ఉంది.

కరెంటు పోయినా మరిచిపోకూడదు, ఒకటి రెండు వోల్టులతో రాయగలగాలి, వీలైతే అంకె ఉన్నచోటే లెక్క కూడా జరిగిపోవాలి. ఇలాంటి మెమరీ కోసం ప్రపంచమంతా వెతుకుతోంది. ఫ్లాష్ మెమరీ మొదటి షరతు ఒక్కటే తీరుస్తుంది. దానిలో రాయడానికి లోపల 15 నుంచి 20 వోల్టుల దాకా పుట్టించాలి, వేల సార్లో లక్ష సార్లో రాశాక గడి అరిగిపోతుంది. దాని స్థానానికి పోటీ పడుతున్న వాటిలో దశ మార్పు మెమరీ, అయస్కాంత మెమరీ, ఫెర్రో ఎలక్ట్రిక్ మెమరీ ఉన్నాయి. వీటి పక్కనే విద్యుత్ రసాయన మెమరీ ఉంది. ఈ వ్యాసం ఈ చివరి దాని గురించి, అందులోనూ ఒక ప్రశ్న గురించి: ఎలక్ట్రోడ్ ఉపరితలాన్ని నానోమీటర్ల కొలతలో చెక్కితే ఈ మెమరీ బాగుపడుతుందా? బాగుపడితే ఎంతవరకు? ఢిల్లీ, నోయిడా చుట్టుపక్కల ఉన్న ప్రయోగశాలలు ఈ పనిలో ఏం చేశాయి, ఏం చెయ్యగలవు?

గడి లోపల జరిగేది

ఈ మెమరీ గడి నిర్మాణం సాదాగా ఉంటుంది. ఒకవైపు వెండి లేదా రాగి ఎలక్ట్రోడ్, రెండోవైపు ప్లాటినం, టంగ్‌స్టన్ లాంటి సులువుగా కరగని లోహం. మధ్యలో కొద్ది నానోమీటర్ల మందాన, ఎలక్ట్రాన్లను ఆపి అయాన్లను మాత్రం కదలనిచ్చే పొర. వెండి వైపు ధన వోల్టేజీ ఇస్తే వెండి పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను వదిలి అయానుగా మారి పొరలోకి దిగుతుంది. అవతలికి చేరి, ఎలక్ట్రాన్‌ను తిరిగి పుచ్చుకుని, మళ్లీ వెండి అవుతుంది. ఇలా పరమాణువు మీద పరమాణువు పేరుకుని సన్నని తంతువు పెరుగుతుంది. అది రెండు ఎలక్ట్రోడ్లనూ కలిపిన క్షణాన నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది, అది 1. వోల్టేజీని తిరగేసి ఇస్తే తంతువు కరిగి తెగిపోతుంది, అది 0. తంతువు ఎంత సన్నగా ఉండగలదంటే, ఒకే పరమాణువు వంతెనగా నిలిచినప్పుడు దాని నిరోధం 12.9 కిలోఓమ్‌ల దగ్గర ఉంటుంది. అది క్వాంటమ్ సిద్ధాంతం నుంచి నేరుగా వచ్చే సంఖ్య.

ఈ గడి మీద రెండు విరుద్ధమైన షరతులున్నాయి. రాయమన్నప్పుడు ఒక వోల్టుతో వంద నానోసెకన్లలో మారిపోవాలి. చదవడానికి పదో వంతు వోల్టు తగిలించినప్పుడు మాత్రం పదేళ్లయినా మారకూడదు. పదేళ్లను వంద నానోసెకన్లతో భాగిస్తే వచ్చేది మూడు పక్కన పదిహేను సున్నాలు. వోల్టేజీ పెరిగేకొద్దీ అయాన్ల చర్యావేగం గుణశ్రేణిలో పెరుగుతుంది కాబట్టే ఇంత తేడా సాధ్యమవుతోంది. అయితే అదే గుణశ్రేణి ఇంకో చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. ఉపరితలం మీద ఎక్కడైనా చిన్న బొడిపె ఉంటే, అక్కడ విద్యుత్ క్షేత్రం కొద్దిగా ఎక్కువైతే, తంతువు అక్కడే ముందు మొలుస్తుంది. మనం చదునైనదనుకునే లోహపు పొర మీద అలాంటి బొడిపెలు, స్ఫటికపు అంచులు లెక్కలేనన్ని. ఈసారి ఒక చోట మొలిచిన తంతువు తర్వాతిసారి ఇంకో చోట మొలవవచ్చు. అందువల్ల ఒక గడికీ మరో గడికీ, ఒకే గడిలో రాసి చెరిపే ఒక చక్రానికీ మరో చక్రానికీ వోల్టేజీ మారిపోతుంది. విద్యుత్ రసాయన మెమరీని దశాబ్దాలుగా వెనక్కి లాగుతున్న జబ్బు ఇదే.

అరవై ఏళ్ల కథలో ఢిల్లీ పేజీ

మెమరీకి విద్యుత్ రసాయనం వాడాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1960లో స్టాన్‌ఫర్డ్‌లో బెర్నార్డ్ విడ్రో, టెడ్ హాఫ్ తమ నేర్చుకునే యంత్రం కోసం పెన్సిల్ ములుకు మీద రాగి పూత పూసే గడి తయారుచేశారు. పూత పెరిగితే నిరోధం తగ్గుతుంది, కరిగితే పెరుగుతుంది. యంత్రం నేర్చుకున్నది ఆ పూతలో నిలిచి ఉండేది. 1962లో హిక్‌మాట్ పలుచని ఆక్సైడ్ పొరల్లో రుణ నిరోధాన్ని గమనించాడు. ఆ దారిలోనే 1965లో ఆక్సైడ్ పొరల్లో రుణ నిరోధం మీద వ్యాసం రాసిన ఒక భారతీయుడు తర్వాత ఢిల్లీ చేరాడు. ఆయన కస్తూరీ లాల్ చోప్రా. 1970లో అమెరికా నుంచి వచ్చి ఐఐటీ ఢిల్లీలో పలుచని పొరల ప్రయోగశాలను నిలబెట్టారు. 1969లో ఆయన రాసిన పలుచని పొరల గ్రంథం ఆ రంగంలో ఎన్నో ఏళ్లు ప్రామాణిక పుస్తకంగా చెలామణి అయింది.

మన ప్రశ్నకు ఆ ప్రయోగశాల చేసిన ఇంకో పని మరింత దగ్గరిది. 1970ల చివరలోనూ 1980ల మొదట్లోనూ చోప్రా బృందం జెర్మేనియం, సెలీనియం కలిసిన గాజు పొరలను ఆవిరి నిటారుగా పడకుండా ఏటవాలుగా పడేలా వేసింది. అలా వేస్తే ముందు చేరిన పరమాణువుల నీడ వెనకటి చోట మీద పడుతుంది. ఆ నీడ పడ్డ చోట ఖాళీ మిగిలి, పొర వాలిన స్తంభాల గుంపుగా పెరుగుతుంది. ఆ స్తంభాల పొరల మీద కాంతి పడితే అవి చెప్పుకోదగ్గంత కుంచించుకుపోతాయని వాళ్లు చూపారు. అప్పటి ధ్యాస కాంతితో అచ్చు వేసే పద్ధతుల మీద. మెమరీ వాళ్ల లక్ష్యం కాదు. అయితే 1976లోనే జపాన్‌లో హిరోసే జంట ఆర్సెనిక్ సల్ఫైడ్ పొరలో వెండి కొమ్మలుగా పెరిగి వోల్టేజీ దిశను బట్టి స్విచింగ్ చేస్తుందని చూపింది. 1990ల్లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ కోజికీ వెండి కలిపిన జెర్మేనియం సెలెనైడ్ గాజునే మధ్య పొరగా పెట్టి మెమరీ గడులు తయారుచేశాడు. పదార్థం ఒకటే, ఉపరితల విద్య ఒకటే; ఢిల్లీలో అవి ఇంకో పనికి వాడారు.

తర్వాతి మజిలీలు ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలిసినవే. 2005లో జపాన్ బృందం వెండి సల్ఫైడ్‌తో పరమాణు స్విచ్ చేసి, నిరోధం క్వాంటమ్ మెట్లలో మారుతుందని చూపింది. 1971లో లియోన్ చువా కాగితం మీద ఊహించిన మెమ్రిస్టర్ తమ టైటానియం డయాక్సైడ్ గడిలో కనిపించిందని 2008లో హెచ్‌పీ ప్రయోగశాల ప్రకటించింది. హెచ్‌పీ గడిలో కదిలేవి వెండి అయాన్లు కావు, ఆక్సిజన్ ఖాళీలు. అయినా తంతువు ఎక్కడ మొలుస్తుందన్న ప్రశ్న రెండింటికీ ఉమ్మడిదే.

చెక్కిన ఉపరితలాలు నాలుగు రకాలు

ఉపరితలాన్ని మార్చి తంతువును ఒక చోటికి రప్పించాలని చేసిన ప్రయత్నాలను నాలుగు దారులుగా చూడవచ్చు.

మొదటి దారి మొనలది. గుడి గోపురం మీద పిడుగును తన వైపు లాక్కునే ఇనుప శూలం ఎలా పనిచేస్తుందో, ఎలక్ట్రోడ్ మీద నిలిపిన నానో శంకువు అలాగే పనిచేస్తుంది. మొన దగ్గర క్షేత్రం చిక్కనవుతుంది, చర్య అక్కడే ముందు మొదలవుతుంది. 2016లో దక్షిణ కొరియాలోని కైస్ట్ బృందం దగ్గరదగ్గరగా పేర్చిన వెండి నానో శంకువులతో చేసిన గడులు ఈ దారికి పేరున్న ఉదాహరణ. స్విచింగ్ వోల్టేజీ తగ్గింది, చక్రానికీ చక్రానికీ తేడా తగ్గింది.

రెండో దారి నానో స్ఫటికాలది. 2010లో చైనా శాస్త్ర అకాడమీ మైక్రో ఎలక్ట్రానిక్స్ సంస్థ బృందం కింది ప్లాటినం మీద రాగి నానో స్ఫటికాలను చల్లి, వాటిమీద జిర్కోనియం ఆక్సైడ్, పైన వెండి వేసింది. తంతువులు ఆ స్ఫటికాలున్న చోట్లే పెరిగాయని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపింది. తయారీ తేలిక కావడం ఈ దారికున్న ఆకర్షణ. పలుచగా వేసిన లోహపు పొరను వేడి చేస్తే అదే ముద్దలు ముద్దలుగా విడిపోతుంది.

మూడో దారి రంధ్రాలది. ఎలక్ట్రోడ్‌ను చెక్కకుండా, దానికీ మధ్య పొరకూ నడుమ అయాన్లు చొరబడలేని పలుచని తెర పెట్టి, ఆ తెరకు ఒక్క చోటే రంధ్రం చేస్తారు. ఒక పరమాణువు మందపు గ్రాఫీన్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం గ్రాఫీన్‌లో నానో రంధ్రాలు చేసి అయాన్ల రాకపోకల్ని నియంత్రించింది. ఇక్కడ మొన అరిగిపోతుందన్న భయం లేదు. రంధ్రం ఎంత పెద్దదో తంతువు అంత లావు.

నాలుగో దారిలో ఉపరితలానికి బదులు మధ్య పొరే దారి చూపుతుంది. ఏటవాలుగా వేసిన స్తంభాల పొరలు, అల్యూమినియంను ఆమ్లంలో ఆక్సీకరించినప్పుడు తేనెపట్టులా ఏర్పడే రంధ్రాల పొరలు, నానో కడ్డీలు ఈ కోవలోవి. ఈ దారిలో అన్నిటికన్నా మెరుగైన ఫలితం 2018లో ఎంఐటీ నుంచి వచ్చింది. సిలికాన్ మీద సిలికాన్ జెర్మేనియం స్ఫటికాన్ని పెంచితే అందులో సహజంగా స్ఫటిక క్రమం తప్పిన సన్నని గీతలు ఏర్పడతాయి. వాటిని రసాయనంతో కొద్దిగా వెడల్పు చేసి వెండిని వాటి గుండా మాత్రమే నడిపించారు. ఒకే గడిలో చక్రానికీ చక్రానికీ వోల్టేజీ తేడా 1 శాతం మేరకు దిగింది.

ఈ నాలుగింటి కిందా ఒక మెలిక ఉంది. తంతువు ఏ ఒడ్డు నుంచి పెరుగుతుందో తెలియకపోతే ఏ ఒడ్డును చెక్కాలో తెలియదు. పాత వివరణ ప్రకారం అది ప్లాటినం వైపు నుంచి వెండి వైపుకు పెరగాలి. 2012లో మిషిగన్ బృందం సూక్ష్మదర్శిని కింద కొన్ని పదార్థాల్లో వెండి వైపు నుంచే పెరుగుతోందని చూపింది. మధ్య పొరలో అయాన్లు వేగంగా కదిలితే ఒక తీరు, మెల్లగా కదిలితే ఇంకో తీరు. కాబట్టి ఒక పదార్థంలో పనిచేసిన మొనను ఇంకో పదార్థంలోకి తెచ్చి అదే ఫలితం వస్తుందని చెప్పలేం.

తంతువే లేని విద్యుత్ రసాయన మెమరీలో ఉపరితలం పని ఇందుకు పూర్తిగా విరుద్ధం. విడ్రో పెన్సిల్ గడికి వారసులైన మూడు కొసల పరికరాలు 2017లో స్టాన్‌ఫర్డ్, శాండియా పరిశోధకుల సేంద్రియ పాలిమర్ గడితోనూ, 2018లో ఐబీఎం గడులతోనూ మళ్లీ వెలుగులోకి వచ్చాయి. వాటిలో అయాన్లు పొరంతా సమంగా ఇంకాలి. అక్కడ నానో నిర్మాణం అయాన్లను ఒక చోట పోగెయ్యకూడదు, అంతటా పంచాలి. నానో చేస్తే మేలు అని గుండుగుత్తగా అనేవాళ్లు ముందు ఏ గడికో చెప్పాలి.

ఢిల్లీ చేతిలో ఉన్న పనిముట్లు

ఈ పనికి కావలసిన సాధనాలు ఢిల్లీలో కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే ఉన్నాయి. జేఎన్‌యూ పక్కన, అరుణా అసఫ్ అలీ మార్గ్‌లో ఉన్న ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ 1984లో న్యూక్లియర్ సైన్స్ సెంటర్‌గా మొదలైంది. అక్కడి పెల్లెట్రాన్ యంత్రం బరువైన అయాన్లను వంద మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, అంతకు పైబడిన శక్తితో పంపగలదు. అలాంటి అయాను ఆక్సైడ్ పొరలో దూసుకుపోతే వెనక కొద్ది నానోమీటర్ల వెడల్పున తిన్నని గాడి మిగులుతుంది. తంతువుకు అంతకన్న మంచి దారి ఇంకేముంటుంది? తక్కువ శక్తి అయాన్లను ఏటవాలుగా కొడితే ఇంకో చిత్రం కనిపిస్తుంది: ఉపరితలం మీద పదుల నానోమీటర్ల దూరంలో అలలు అలలుగా వరసలు లేస్తాయి. అయాన్లతో పదార్థాల్లో నానో నిర్మాణాలు చెయ్యడం మీద ఈ కేంద్రం శాస్త్రవేత్త డి.కె. అవస్థి, జి.కె. మెహతాతో కలిసి 2011లో తెచ్చిన గ్రంథం ఈ విద్యలో ఢిల్లీకి ఉన్న పట్టుకు సాక్ష్యం.

ఐఐటీ ఢిల్లీలో ఏటవాలు నిక్షేపణ సంప్రదాయం ఆగిపోలేదు. అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో ఈ పద్ధతితోనే వెండి నానో కడ్డీలు పెంచి, రసాయనాల జాడ పట్టే రామన్ సెన్సర్లకు వాడుతున్నారు. ఆ వెండి కడ్డీల మీద ఒక ఆక్సైడ్ పొర వేస్తే అది మెమరీ పరిశోధనకు సిద్ధంగా ఉన్న ఎలక్ట్రోడ్. దేశంలోని ఏ కాలేజీ పరిశోధకులైనా వచ్చి నానో పరికరాలు చేసుకునే వీలు కల్పించే జాతీయ పథకంలో ఐఐటీ ఢిల్లీ ఒక కేంద్రం. మిగతావి ఐఐఎస్‌సీ, బొంబాయి, మద్రాస్, ఖరగ్‌పూర్, గువాహటి ఐఐటీలు. జామియా మిల్లియా ఇస్లామియాలోనూ, జేఎన్‌యూలోనూ నానో శాస్త్రానికి ప్రత్యేక కేంద్రాలున్నాయి.

దక్షిణాదికి, మధ్య భారతానికి ఇందులో గట్టి వాటా ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో శ్రీతోష్ గోస్వామి బృందం 2024 సెప్టెంబరులో ‘నేచర్’లో ప్రకటించిన అణు మెమ్రిస్టర్‌లో 16,500 పైచిలుకు స్థాయిలున్నాయి. ఇండోర్ ఐఐటీలో అయాన్ కిరణాలతో వేసిన యిట్రియం ఆక్సైడ్ గడుల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. వీటి సరసన ఢిల్లీని నిలబెట్టేది కొలత. నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ (ఎన్‌పీఎల్) 1950లో ఢిల్లీలోనే ప్రారంభమైంది, దేశంలో ఓమ్‌కు, వోల్టుకు ప్రమాణం అక్కడే ఉంటుంది. 2025లో ఇటలీ కొలతల సంస్థ నడిపించిన యూరప్ బృందం మెమ్రిస్టర్‌నే నిరోధ ప్రమాణంగా వాడి చూపింది. గది ఉష్ణోగ్రతలో, గాలిలోనే, వోల్టేజీతో తంతువు చుట్టూ నిలకడలేని పరమాణువుల్ని కరిగించి, దాన్ని క్వాంటమ్ మెట్టు మీద నిలబెట్టారు. వేర్వేరు ప్రయోగశాలల్లో కొలిచిన విలువ ప్రమాణ విలువకు మొదటి మెట్టు దగ్గర 3.8 శాతం, రెండో మెట్టు దగ్గర 0.6 శాతం తేడాతో వచ్చింది. ఇలాంటి పనికి మన దేశంలో మొదటి చిరునామా ఎన్‌పీఎల్ కావాలి.

లెక్క తప్పే చోట్లు

ఇంతవరకు చెప్పినవన్నీ విజయాలే. ఇవి ప్రయోగశాల దాటి ఎందుకు రావడం లేదో చూడాలంటే ముందు చిన్న లెక్క చెయ్యాలి. నానో స్ఫటికాలను చల్లేటప్పుడు సగటున గడికి ఒకటి పడేలా చూశామనుకుందాం. చల్లడం యాదృచ్ఛికం కాబట్టి ప్రతి గడికీ కచ్చితంగా ఒకటి పడదు. పాయిజాన్ సూత్రం ప్రకారం దాదాపు 37 శాతం గడులకు ఒక్కటీ పడదు, ఇంకో 26 శాతానికి రెండో అంతకంటే ఎక్కువో పడతాయి. పది లక్షల గడుల చిప్‌లో మూడున్నర లక్షలకు పైగా గడులు మొదటి నుంచీ ఖాళీ. వ్యాసాల్లో ఈ సమస్య కనబడకపోవడానికి కారణం అక్కడి గడులు మైక్రోమీటర్ల సైజులో ఉండడం. ఒక్కో గడి కింద వందల స్ఫటికాలుంటాయి, వాటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది. గడి 20 నానోమీటర్లకు కుదించుకుపోతే ఆ భరోసా పోతుంది.

పెల్లెట్రాన్ గాళ్లకూ ఇదే గతి. చదరపు సెంటీమీటరుకు వెయ్యి కోట్ల అయాన్లు పంపితే చదరపు మైక్రోమీటరుకు వంద గాళ్లు పడతాయి, సగటు ఎడం వంద నానోమీటర్లు. కానీ ఏ గాడి ఎక్కడ పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఈ కారణంగా పాచికలాటను తప్పించే పద్ధతులకే, అంటే అచ్చుతో నిలిపే శంకువులకు, గీసిన చోటే చేసే గ్రాఫీన్ రంధ్రాలకు, అయాన్ అలల వంటి క్రమమైన వరసలకు ఎక్కువ భవిష్యత్తు ఉందని నా అభిప్రాయం. అలలు కూడా పూర్తిగా క్రమంగా ఉండవు, కానీ చల్లిన స్ఫటికాల కంటే నయం.

రెండో ఇబ్బంది అరుగుదల. వెండి మొన పని చేసేదే కరగడం ద్వారా. ప్రతి చక్రంలో అది కొద్దిగా మొద్దుబారి మళ్లీ ఇంకో ఆకారంలో తేలుతుంది. మొనను కరగని లోహం వైపు పెడితే ఆకారం నిలుస్తుంది, అయితే మొన దగ్గర చిక్కబడ్డ క్షేత్రం పలుచని పొరను శాశ్వతంగా చీల్చే ప్రమాదం కొత్తగా వస్తుంది.

మూడో ఇబ్బంది నిలకడ. తంతువు ఎంత సన్నగా ఉంటే రాయడానికి అంత తక్కువ కరెంటు చాలు, కానీ ఉపరితల శక్తి దాన్ని అంత త్వరగా ముక్కలు చేస్తుంది. సన్నని వెండి తంతువులు వోల్టేజీ తీయగానే వాటంతట అవే తెగిపోతాయి. ఆ గుణాన్నే వాడుకుని 2017లో మెదడులోని సినాప్స్‌ను అనుకరించే పరికరాలు చేశారు గానీ, పదేళ్లు గుర్తుంచుకోవలసిన మెమరీకి అది చేటు. ఉపరితలం చెక్కితే తంతువు పుట్టే చోటు తెలుస్తుంది. ఎంతకాలం బతుకుతుందన్నది దాని లావును, చుట్టూ ఉన్న పదార్థాన్ని, ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. సాధారణ ఎలక్ట్రానిక్స్‌కు 85 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదేళ్లు, కార్లకు ఇంకా ఎక్కువ వేడి దగ్గర నిలవాలని పరిశ్రమ అడుగుతుంది. గది ఉష్ణోగ్రతలో మూడు గంటల గ్రాఫు చూపి పదేళ్లకు గీత పొడిగించడం చాలా వ్యాసాల్లో కనబడే అలవాటు.

నాలుగోది, ఢిల్లీకి ప్రత్యేకంగా వర్తించేది, తేమ. ఈ గడుల్లో వెండి అయానుగా మారాలంటే అవతలి వైపు ఎదురు చర్య ఒకటి జరగాలి. చాలా ఆక్సైడ్లలో ఆ చర్యకు అవసరమయ్యేది పొరలో ఇమిడిన నీరే. పూర్తిగా ఆరిన పొరలో స్విచింగ్ జరగడమే కష్టమని జర్మనీ, జపాన్ బృందాలు 2012, 2013లో చూపాయి. స్తంభాల పొరలు, రంధ్రాల పొరలు చదును పొరల కంటే ఎక్కువ నీటిని పీలుస్తాయి. వాటినే తేమ కొలిచే సెన్సర్లుగా వాడేది అందుకే. ఢిల్లీలో మే నెల వడగాలికీ ఆగస్టు జిగటకూ మధ్య గాలిలో తేమ ఎంత మారుతుందో అక్కడ ఒక్క ఏడాది ఉన్నవాళ్లకైనా తెలుసు. ఒకే గడి మేలో ఒక వోల్టేజీ, ఆగస్టులో ఇంకో వోల్టేజీ చూపితే తప్పు ఉపరితలానిది కాకపోవచ్చు. కాబట్టి తేమ రాయని కొలత ఈ రంగంలో అసంపూర్ణమైన కొలత.

మార్కెట్ ఇచ్చిన తీర్పు

వ్యాపారం ఈ మెమరీని పూర్తిగా తోసిపుచ్చలేదు, నెత్తిన పెట్టుకోనూ లేదు. కోజికీ విద్యను అమెరికా కంపెనీ అడెస్టో చిన్న సైజు చిప్‌లుగా అమ్మింది. గామా కిరణాలను తట్టుకునే గుణం వల్ల వైద్య పరికరాల్లో దానికి చోటుందని చెప్పుకుంది. 2014లో మైక్రాన్, సోనీ కలిసి రాగి అయాన్లతో 16 గిగాబిట్ల చిప్‌ను 27 నానోమీటర్ల టెక్నాలజీలో చూపాయి. అది బజారులోకి రాలేదు. పానసోనిక్ 2013లోనే ఆక్సైడ్ రకం మెమరీ ఉన్న మైక్రోకంట్రోలర్లను అమ్మకానికి పెట్టింది. ఇన్ఫినియన్ తన కార్ల చిప్‌లలో తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ చేసే నిరోధక మెమరీని వాడతానని 2022లో ప్రకటించింది. గెలిచిన వాటిలో ఎక్కువ భాగం ఉపరితలాన్ని చెక్కినవి కావు. పొరను పలుచగా, సమంగా వేసి, రాసిన ప్రతిసారీ చదివి సరిచూసే సర్క్యూటును పక్కన పెట్టి నెట్టుకొచ్చినవి.

అడెస్టోను 2020లో డయలాగ్ కొన్నది, డయలాగ్‌ను 2021లో జపాన్ కంపెనీ రెనెసాస్ కొన్నది. అదే రెనెసాస్ 2025 మేలో నోయిడాలోనూ బెంగళూరులోనూ 3 నానోమీటర్ల చిప్‌ల డిజైన్ కేంద్రాలు తెరిచింది. అంటే వెండి తంతువు మెమరీ హక్కులు ఒకప్పుడు ఉన్న సంస్థ ఇంజనీర్లు నోయిడాలో ఉన్నారు. అదే విద్యకు మూలమైన గాజు పొరల మీద నలభై ఏళ్ల కిందట పనిచేసిన ప్రయోగశాల హౌజ్ ఖాస్‌లోని ఐఐటీ ఢిల్లీలో ఉంది. నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో ఎస్‌టీ మైక్రో ఎలక్ట్రానిక్స్, ఎన్‌ఎక్స్‌పీ, కేడెన్స్, సినాప్సిస్ లాంటి డిజైన్ కేంద్రాలు ఎన్నో. 2025 మే 14న కేంద్ర మంత్రివర్గం జేవర్ దగ్గర హెచ్‌సీఎల్, ఫాక్స్‌కాన్ల చిప్ యూనిట్‌కు అనుమతినిచ్చింది. రూ.3,706 కోట్ల ఈ యూనిట్ తయారుచెయ్యబోయేది డిస్‌ప్లే డ్రైవర్ చిప్‌లు. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు చిప్ ప్యాకేజింగ్ యూనిట్ ఒకటి మంజూరైంది. డిజైన్ ఉంది, ప్యాకేజింగ్ వస్తోంది, పరిశోధన ఉంది. నడుమ లోపించినది కొత్త మెమరీని నిజమైన ట్రాన్సిస్టర్ల మీద వేసి చూసే చోటు.

చెయ్యవలసినవి

ఆ లోటును తీర్చగల చోటు ఒకటి దేశంలోనే ఉంది. మొహాలీలోని సెమీకండక్టర్ లాబొరేటరీ 180 నానోమీటర్ల టెక్నాలజీలో ట్రాన్సిస్టర్లు చేస్తుంది. ఇస్రో విక్రమ్ ప్రాసెసర్ అక్కడే తయారైంది. విద్యుత్ రసాయన మెమరీ పొరలను 400 డిగ్రీల లోపే వెయ్యవచ్చు కాబట్టి కింద ఉన్న ట్రాన్సిస్టర్లకు హాని లేదు. మొహాలీ నుంచి పై లోహపు పొర తెరిచి ఉంచిన వేఫర్లను ఐఐటీ ఢిల్లీకి, యాక్సిలరేటర్ కేంద్రానికి ఇచ్చి, చెక్కిన ఉపరితలాలను వాటి మీద వేయించాలి. వెయ్యి గడుల చిన్న పలక చేసినా చాలు. ఒక అందమైన గ్రాఫు చెప్పని నిజాన్ని అది చెబుతుంది.

కొలత విషయంలో ఎన్‌పీఎల్ ముందుకొచ్చి దేశానికంతా ఒక ఉమ్మడి పద్ధతి రాయాలి. అందులో కనీసం ఈ నాలుగుండాలి: ఒకే వేఫర్ మీద చెక్కిన గడుల పక్కన చెక్కని గడులు, కొలిచినప్పటి తేమ, ఉష్ణోగ్రత, పనిచేసిన గడులతో పాటు పనిచేయని గడుల లెక్క, 85 డిగ్రీల దగ్గర నిజంగా కొలిచిన నిలకడ. ఇవి లేని ఫలితానికి నిధులిచ్చే సంస్థలు మార్కులు వెయ్యకూడదు.

నానో ఉపరితలాల వల్ల విద్యుత్ రసాయన మెమరీకి మేలు జరిగిందా అంటే, తంతువు మొలిచే చోటు విషయంలో జరిగింది; బతికే కాలం విషయంలో జరగలేదు; లక్షల గడుల విషయంలో ఇంకా ఎవరూ చూపలేదు. ఆ మూడోదాన్ని చూపగల పనిముట్లు మనకున్నాయి. ఈ రంగంలోకి వస్తున్న తెలుగు విద్యార్థులకు నా మాట ఒక్కటే: మంచి గడి ఒకటి చేసి సంబరపడే ముందు, దాని పక్కనున్న తొమ్మిది వందల తొంభై తొమ్మిది గడులనూ కొలవండి.